తుంపరకీ దుమ్ముకీ తేడా తెలియని పెట్టె

పెళ్లిచూపులకి వెళ్లినప్పుడు పిల్ల తరఫు పెద్దాయన ఒకాయన "ఏం చేస్తుంటావు బాబూ?" అని అడిగాడు. "దుమ్ము కొలుస్తానండి" అన్నాను. ఆయన తన చేతిలో కాఫీ గ్లాసు కేసి కాసేపు చూసుకుని, "పర్మనెంటేనా?" అన్నాడు. దుమ్ము పర్మనెంటే. ఉద్యోగం మాత్రం కాంట్రాక్టు. ఆ రెండో ముక్క మావాళ్లు పెళ్లయ్యాక చెప్పారు. విశాఖపట్నంలో ఇప్పటికీ ఎవరడిగినా అదే జవాబు చెబుతాను, అంతకన్నా గౌరవంగా చెప్పే మాట నాకు దొరకలేదు.

నేను చూసుకునే పెట్టె నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియరంత ఉంటుంది. లోపల ఒక సన్నటి లేజరు వెలుగు, గాలిని లోపలికి లాగే చిన్న పంపు, పక్కన వెలుగును పసిగట్టే ఒక కన్ను. గాలిలో ఉన్న నలుసు ఆ వెలుగుకి అడ్డంగా వెళ్లేటప్పుడు తళుక్కుమంటుంది. కన్ను ఆ తళుకుల్ని లెక్కపెడుతుంది, తళుకు గట్టిదైతే నలుసు పెద్దదని అంచనా వేస్తుంది. పెంకుటింట్లో పెరిగినవాళ్లకి ఇదేమంత వింత కాదు. పెంకు జారిన చోటి నుంచి గదిలోకి ఎండ దిగితే, అప్పటిదాకా శుభ్రంగా ఉందనుకున్న గాలిలో ఎంత దుమ్ముందో కనపడుతుంది. చిన్నప్పుడు మా అమ్మ ఆ పెంకు సర్దమని అరుస్తుంటే నేను దాని కింద పడుకుని నలుసుల్ని చూస్తూ ఉండేవాణ్ని. ఆ సోమరితనానికే ఇప్పుడు జీతం ఇస్తున్నారు.

ఈ పెట్టెకి ఒక్కటే లోపం. వెలుగుకి ఏది అడ్డం వచ్చినా దానికి ఒకటే. బొగ్గా, గోధుమ పిండా, నీటి తుంపరా అని అడగదు. అందుకే దాని పక్కన బుర్ర ఉన్న మనిషిని ఒకణ్ని ఉద్యోగంలో పెడతారు. మా యార్డులో ఆ మనిషిని నేను.

పోర్టు వైపు ఒక ప్రైవేటు కాంట్రాక్టరు నడిపే బొగ్గు యార్డు అది. పేరు రాయను. ఓడల్లో దిగిన బొగ్గు లారీల మీద అక్కడికి వచ్చి గుట్టలుగా పడుతుంది, తర్వాత బెల్టు మీదుగా వ్యాగన్లలోకి పోతుంది. గేటు దగ్గర సిమెంటు దిమ్మ మీద నా పెట్టె, దాని పైన రోడ్డు మీద పోయేవాళ్లందరికీ కనపడేలా అంకె, రంగు చూపించే పెద్ద బోర్డు. దుమ్ము తక్కువైతే ఆకుపచ్చ, పెరిగితే పసుపు, మరీ ఎక్కువైతే ఎరుపు. పగలంతా సముద్రపు గాలి గేటు వైపు నుంచే గుట్టల మీదుగా వెనక్కి కొడుతుంది. అంటే దుమ్ము వెనకనున్న బెల్టు వైపు పోతుంది, దాన్ని కొలిచే పెట్టె ముందు గేటులో ఉంటుంది. ఆ చోటు ఎంచినవాడు ఎవడోగాని తెలివైనవాడే. నేను చేరేసరికే దిమ్మ కట్టేశారు కాబట్టి నేనూ నోరు మెదపలేదు.

ఆ యార్డులో నీళ్ల గన్ను కొట్టేది మా బావ. మా అక్క మొగుడు, నన్నూ అతను బావా అనే పిలుస్తాడు. గన్ను అంటే ఒక పెద్ద ఫ్యాను ముందు నీటి నాజిల్సు బిగించిన యంత్రం. గుట్టల మధ్య నిలబెట్టి చుట్టూ తిప్పుతూ తుంపర కొడితే దుమ్ము లేవకుండా అణుగుతుంది. బావది ఆనందపురం దగ్గర పల్లె. వంగ, బీర తోటల్లో వీపుకి స్ప్రేయరు తగిలించుకుని ఇరవై ఏళ్లు మందు కొట్టినవాడు. పిల్లల చదువులకని పెందుర్తిలో అద్దెకి దిగాక పని వెతుక్కుంటుంటే, గన్ను దగ్గర మనిషి కావాలని తెలిసి నేనే తీసుకెళ్లి చేర్పించాను. ఆ సంగతి బావ పదిమందిలో చెప్పి నన్ను ఇబ్బంది పెట్టేవాడు. మా బామ్మర్ది లేజరు ఇంజినీరని కూడా చెప్పేవాడు. నేను చదివింది డిప్లొమా.

గన్ను సంగతి మా ఇంజినీర్లకన్నా బావకే ఎక్కువ తెలుసు. చేరిన వారానికే నన్ను పట్టుకుపోయి చూపించాడు.

"సూడు బావా, సుక్క లావుగుంటే గుట్ట మీద పడి ఊరుకుంతాది. మరీ సన్నం సేసీసేవనుకో, గాల్లో ఎగిరిపోయి ఎటో పోతాది. మందు కొట్టినప్పుడూ అంతే. గాలెటుందో సూసుకోపోతే మొక్కకి సగం, మన ముక్కులోకి సగం."

చుక్క ఎంత లావుంటే ఎంత దూరం పోతుందో నేను కాలేజీలో గ్రాఫు గీసి మార్కులు తెచ్చుకున్నాను. బావ వంగతోటలో నేర్చుకున్నాడు. ఇద్దరి లెక్కా ఒకటే వచ్చింది.

పెట్టె లోపం ఏమిటో మా యార్డు మొత్తానికి తెలిసింది దసరాకి. ఆయుధపూజ మా దగ్గర ఘనంగా చేస్తారు. లారీలకి నిమ్మకాయలు, గన్నుకి బంతిపూల దండ, ఆఫీసు కంప్యూటరుకి కుంకుమ బొట్టు. అన్నిటికీ చేసి బామ్మర్ది పెట్టెను వదిలేస్తే బాగుండదని బావ దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, గుమ్మడికాయ దిష్టి తీసి, సరిగ్గా అది గాలి పీల్చే గొట్టం కింద ఒక అగరువత్తుల కట్ట మొత్తం వెలిగించి సాంబ్రాణి వేశాడు. పంతులుగారి మంత్రం సగంలో ఉండగానే బోర్డు ఎర్రబడింది. మేనేజరు గారు చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చారు.

"నీ పెట్టికి దేవుడంటే గిట్టదేటి బావా?" అన్నాడు బావ, నిజంగానే నొచ్చుకుని.

"దేవుడూ లేదు, దెయ్యమూ లేదు. దానికి ఏ పొగయినా ఒకటే. ఎలుగుకి అడ్డమొచ్చిందల్లా లెక్కెట్టీత్తాది."

"అంటే మా అత్తలాగన్నమాట. ఎవులొచ్చినా ఒక్కలాగే తిట్టీత్తాది."

వాళ్ల అత్త అంటే మా అమ్మే. నేను నవ్వి అగరువత్తులు తీసి పక్కన పెట్టాను, పది నిమిషాల్లో బోర్డు పచ్చబడింది. మేనేజరు గారు దానికి కొబ్బరికాయ కొట్టించారు.

మేనేజరు గారిది కృష్ణా జిల్లా. ఎవరినీ నువ్వు అనరు, ఎవరి మాటా వినరు. బోర్డు పసుపు రంగుకి వచ్చిందంటే బావకి ఫోను చేసి, "ఏవండీ, కాస్త గేటు వైపు తిప్పండీ" అనేవారు. బావ గన్ను పెట్టె వైపు తిప్పేవాడు. పాత నాజిల్సు కాబట్టి లావు చుక్కలు రోడ్డు మీద పడి, లారీల చక్రాల కింద లేచే దుమ్ము అణిగి, బోర్డు మళ్లీ ఆకుపచ్చకి వచ్చేది. జ్వరమొస్తే థర్మామీటరుకి తడిగుడ్డ చుట్టినట్టుంటుంది కదా అని నాకనిపించేది. అనిపించింది అనిపించినట్టే ఉంచుకున్నాను.

డిసెంబరులో గన్నుకి కొత్త నాజిల్సు వచ్చాయి. పొగమంచంత సన్నంగా కొడతాయట. బావ వాటిని వేళ్లతో తిప్పి చూసి పెదవి విరిచాడు. "ఇది బొగ్గు అణసడానికి కాదు బావా, పెళ్లిళ్లలో జనాల మీద పన్నీరు కొట్టడానికి" అన్నాడు. నేను మేనేజరు గారికి ఆ మాట చేరవేయలేదు. ఆ వారంలోనే పై అధికారులు చూడటానికి వస్తున్నారని కబురు వచ్చింది.

మా యార్డులో పెద్దవాళ్లు వస్తే చేసే మర్యాదలు కొన్ని ఉన్నాయి. రోడ్లు కడుగుతారు, అంచుల్లో సున్నం గీతలు గీస్తారు, క్రోటన్ కుండీలు గేటు దగ్గరికి మోస్తారు. ఆ రోజు పొద్దున్న గాలి లేదు. ఉన్న కాస్త గాలీ కొండల వైపు నుంచి గేటు వైపుకే పాకుతోంది, సముద్రం దగ్గర కాబట్టి గాల్లోనే ఒక చెమ్మ. కార్లు గేటులోకి తిరగగానే మేనేజరు గారు ఫోనెత్తి, "ఏవండీ, బాగా కొట్టండీ, మిషను మీదికే కొట్టండీ" అన్నారు. ఎంత గట్టిగా కొడితే బోర్డు అంత పచ్చబడుతుందని ఆయన లెక్క.

బావ కొట్టాడు. తెల్లటి తుంపర నెమ్మదిగా వచ్చి పెట్టెని కప్పేసింది. సన్నటి చుక్కలు కింద పడవు, ఆరవు, అక్కడే వేలాడతాయి. ఒక్కొక్కటీ పెట్టెలోకి పోయి తళుక్కుమంటోంది. బోర్డు పసుపు దాటి ఎరుపుకి, ఎరుపులో చివరి అంకెకి పోయి, ఇంక చూపించడానికి అంకె లేక గీతలు చూపించింది. మేనేజరు గారు కంగారుపడి "ఇంకా కొట్టండీ!" అని అరిచారు. అధికారులు రుమాళ్లు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. నిజానికి ఆ నెల మొత్తంలో ఆ గేటు దగ్గర గాలి అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు.

మీటింగు గదిలోకి నన్ను పిలిచారు. జీవితంలో నన్ను మీటింగుకి పిలవడం అదే మొదలు. నేను రెచ్చిపోయాను. కర్టెన్లు వేయించాను, లైట్లు ఆర్పించాను, ఆఫీసులో మొక్కలకి నీళ్లు చిమ్మే సీసా తెప్పించాను. సెల్‌ఫోను టార్చి వెలిగించి, ఆ వెలుగులోకి సీసాతో తుంపర కొట్టాను. వెలుగు మధ్యలో నీటి నలుసులు వేలకొద్దీ మెరిశాయి. "చూడండి సార్, దుమ్ము కాదు, నీళ్లు. వెలుగుకి రెండూ ఒకటే" అన్నాను. అధికారుల్లో పెద్దాయన చప్పట్లు కొట్టి "వెరీ గుడ్" అన్నాడు. నా ఒళ్లు పులకరించింది.

మేనేజరు గారు ముందుకి వంగి, "అంటే బోర్డు ఎర్రబడింది దుమ్ము వల్ల కాదు, నీళ్ల వల్ల. అంతేనా అండీ?" అన్నారు.

"అంతేనండీ."

నీళ్లు లేకపోతే అసలు దుమ్ము లేస్తుందండీ అనే రెండో ముక్క నా నాలుక చివర ఉంది. ఈలోగా సమోసాలు వచ్చాయి. పెద్దాయన నా పక్కన కూర్చుని, ఏ ఊరు బాబూ మీది అని అడిగాడు. నేను ఊరి గురించి చెప్పాను.

మర్నాడు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. రీడింగుకి ఆటంకం కలిగిస్తున్న నీటి తుంపరను నిలిపివేయవలెను అని. గన్నుకి టార్పాలిన్ కప్పి తాడు కట్టారు. బోర్డు పచ్చబడింది, పచ్చగానే ఉండిపోయింది. గాలి దుమ్మును వెనక్కి తీసుకుపోతోంది కదా మరి. నాకు ఆఫీసులో అందరూ కరచాలనం చేశారు. గన్ను లేకపోతే గన్ను మనిషెందుకని బావకి చీపురు, పార ఇచ్చి బెల్టు కింద రాలే బొగ్గు ఊడవమన్నారు.

వారం వారం నేను రిపోర్టు రాసేవాణ్ని. గాలి నాణ్యత సంతృప్తికరం. కింద నా సంతకం. మంచి సంతకం నాది, కాస్త వంకరలు తిరిగి ఉంటుంది.

బావ భోజనాల దగ్గర కలిసినప్పుడు కనురెప్పల వరకూ నల్లగా ఉండేవాడు. "ఏటి బావా, కష్టంగా ఉందా?" అంటే, "తుడుపేగదా, మా ఇంట్లో సేసినట్టే" అనేవాడు. బామ్మర్ది వేయించిన ఉద్యోగం బాగోలేదంటే బామ్మర్ది పరువు పోతుందని అతని బాధ. నాకది తెలుసు. తెలిసి, అదే నాకు వీలుగా ఉందని ఊరుకున్నాను.

ఫిబ్రవరిలో మా అక్క ఫోను చేసింది. "ఒరే, మీ బావ దగ్గుతంటే పక్కింటోల్లు తలుపులేసుకుంతన్నార్రా. దిండు గలేబు ఉతికితే నీల్లు నల్లగా వత్తన్నాయి. ఏటి పని సేయిత్తన్నార్రా అక్కడ?" నేను ఏదో చెప్పాను. తర్వాత మేనేజరు గారి దగ్గరికి వెళ్లి, గన్ను మళ్లీ కొట్టిద్దామండీ అన్నాను. పెట్టె ముక్కుకి ఒక వేడి గొట్టం బిగిస్తే లోపలికి పోయే నీటి తుంపర ఆరిపోతుంది, దుమ్ము మాత్రమే మిగులుతుంది, అప్పుడు ఎన్ని నీళ్లు కొట్టినా లెక్క తప్పదు అని బొమ్మ గీసి చూపించాను.

ఆయన బొమ్మ వంక చూసి, "బోర్డు ఆకుపచ్చగా ఉన్నప్పుడు పాపం దాని ముక్కెందుకు కాల్చడమండీ?" అన్నారు. తర్వాత ఫైలు తీసి నా రిపోర్టులు ఒకటొకటిగా తిప్పారు. "సంతృప్తికరం అని మీరే రాశారు కదండీ. నీళ్ల వల్లే అని శాస్త్రం చెప్పిందీ మీరే." వచ్చే నెల నా కాంట్రాక్టు గడువు ముగుస్తుంది. ఆ మాట ఆయన అనలేదు, నాకే గుర్తొచ్చింది. భయపడ్డాను. బొమ్మ మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

పది రోజులకి బావ బెల్టు దగ్గర ఊపిరందక కూలబడ్డాడు. ఆసుపత్రిలో నాలుగు రోజులుంచి, ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయని చెప్పి, ఇంట్లో వాడుకోమని నెబ్యులైజరు రాసి పంపించారు. మందుని సన్నటి తుంపరగా మార్చి మాస్కులోంచి పీల్పించే చిన్న యంత్రం అది. చుక్కలు ఎంత సన్నంగా ఉంటే మందు అంత లోపలికి పోతుందని నర్సు వివరిస్తుంటే బావ నా కేసి చూసి, "మన కొత్త నాజిల్లాగ" అన్నాడు.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున్నే జాలరిపేటలో చేపలు కొనుక్కుని పెందుర్తి వెళ్లాను. అక్క చేపలు అందుకుంది గాని నా మొహం చూడలేదు. నా సంచిలో చేతిలో పట్టుకునే చిన్న పెట్టె ఒకటుంది, గేటు పెట్టెతో సరిచూడటానికని తెచ్చుకున్నది. బావ దాన్ని చూశాడు.

"ఎయ్ బావా, సూద్దాం. మా ఇంట్లో గాలెలగున్నాదో."

వేశాను. ఆకుపచ్చ. బావ సంతోషించి, నెబ్యులైజరు ఆన్ చేసి మాస్కు పెట్టుకున్నాడు. కిటికీలోంచి ఎండ అతని మోకాళ్ల మీద పడుతోంది. మాస్కు పక్కల నుంచి తుంపర ఆ ఎండలోకి వచ్చి మెరిసింది, మా పెంకుటింట్లోలాగే. నా చేతిలో పెట్టె కీచుమని అరిచి ఎర్రబడింది.

బావ మాస్కు తీసి నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గాక అన్నాడు, "సూసేవా. ఇక్కడ మందు పీల్సుకుంతంటే ఎర్రగా అరుత్తంది. అక్కడ బొగ్గు మింగినన్నాళ్లూ పచ్చగా ఉండీది."

వంటింట్లో చేపలు కోస్తున్న అక్క చెయ్యి ఆగింది.

"నాను తుడిసిన కాడ ఒకపాలి దీన్ని ఎట్టి సూడు బావా" అన్నాడు. అంతే. కోపంగా కూడా అనలేదు. నాకు సిగ్గేసింది. అంతకన్నా సరైన మాట లేదు. ఆరేళ్లుగా దుమ్ము కొలుస్తున్నాను, ఒక్కసారి కూడా మనిషి నిలబడే చోట పెట్టె పెట్టలేదు.

సోమవారం పెట్టాను. బెల్టు కింద, బావ ముక్కు ఉండే ఎత్తులో, కట్టెకి కట్టి. ఎరుపు దాటి గీతలు వచ్చాయి. అక్కడ ఎక్కడా నీటి చుక్క లేదు. ఆ వారం రిపోర్టులో సంతృప్తికరం అనే మాట రాయలేదు. అంకెలు రాశాను, అంకె లేని చోట గీతలు గీశాను, పెట్టె ఎక్కడ పెట్టానో రాశాను.

మేనేజరు గారు చదివి, "ఇది కూడా నీళ్ల వల్లేమో కదండీ?" అన్నారు.

"అక్కడ నీళ్లు లేవండీ. ఆపించింది నేనే."

ఆయన కాగితం తిరగేసి వెనక వైపు కూడా చూశారు. ఒక కాపీ ఆ రోజు నాకు చప్పట్లు కొట్టిన పెద్దాయనకి పంపించానని కూడా చెప్పాను.

రెండు నెలలకి టార్పాలిన్ విప్పారు. పెట్టె ముక్కుకి వేడి గొట్టం వచ్చింది. దానికి ఆఫీసులో చిన్న సభ పెట్టి, ఇది మేనేజరు గారి ఆలోచన అని ప్రకటించి శాలువా కప్పారు. నేనూ చప్పట్లు కొట్టాను. నా కాంట్రాక్టు ఏడాదికి బదులు ఆరు నెలలకే పొడిగించారు. గన్ను దగ్గర కొత్త మనిషి వచ్చాడు. బావని బొగ్గు ఛాయలకి కూడా పోవద్దని డాక్టరు చెప్పాడు. వంగతోటలో మందు కొట్టడం కూడా కుదరదన్నాడు. తుంపరతో బతికిన మనిషికి ఇప్పుడు మిగిలింది రోజుకి రెండుసార్లు మాస్కులో వచ్చే తుంపరే.

మొన్న వెళ్లినప్పుడు పెట్టెని సంచిలోంచి తీయలేదు. బావ మాస్కు పెట్టుకోబోతూ ఆగి అడిగాడు.

"గన్ను ఎవుడు కొడతన్నాడు బావా?"

చెప్పాను.

"గాలెటుందో సూసుకుని కొట్టమను. నీ పెట్టి మీద తుంపర పడనీకండని సెప్పు. మల్లీ ఎర్రగా అయిపోతే నీ ఉజ్జోగానికి సెడ్డ."

అని మాస్కు ముక్కుకి తగిలించుకుని స్విచ్చి వేశాడు.

"పడనీ బావా" అన్నాను. యంత్రం చప్పుడులో అతనికి వినపడలేదు. ఏటన్నావని చెయ్యి ఊపాడు. దగ్గరికి జరిగి మళ్లీ అన్నాను.